బాపు పెట్టె వాయిస్తే గుండీ నేను నెట్టేదాన్ని

చిన్నప్పుడు ఆదివారం తెల్లారితే చాలు, నా అరచేతులకు చెమట పట్టేది... లంగాకు తుడుచుకుంటూనే గుడికి పోయేదాన్ని.

మెట్‌పల్లిలో మా మిషన్ గుడి, అంటే చర్చి, చిన్నది. మగవాళ్లు ఒక దిక్కు, ఆడవాళ్లు ఒక దిక్కు చాపల మీద కూర్చునేవారు. మగవాళ్ల దిక్కు ముందర హార్మోనియం పెట్టె, దాని వెనుక మా బాపు. వారమంతా గిర్నీలో వడ్ల బస్తాలు మోసి, ఆదివారం పెట్టె వాయించేవాడు. బాపు పక్కన నేను... అటు దిక్కు కూర్చునే ఆడపిల్లను నేనొక్కదాన్నే.

ఎందుకంటే, పెట్టెను కుడిచేత్తోనే వాయిస్తారు. ఎడమచెయ్యి వెనుక తిత్తిని కొడుతూనే ఉండాలి, లేకపోతే గాలి అందదు. పాట మధ్యలో పెట్టె గొంతు మార్చాలంటే ముందున్న గుండీ నెట్టాలి... దానికి ఇంకో చెయ్యి ఎక్కడిది? మంచి పెట్టెలకైతే తిత్తిలో గాలి కాసేపు నిలుస్తుందట, ఆలోపు మార్చుకోవచ్చట. మాది పాతది, తిత్తి నిండా చిల్లులు. చెయ్యి తీస్తే చాలు, కుయ్యిమని మూలిగి ఆగిపోయేది.

అందుకే గుండీ పని నాది.

మూడో చరణం ఎప్పుడూ ఆడవాళ్లే పాడేవారు. అప్పుడు లావు గొంతు మూసుకొని సన్న గొంతు ఒక్కటే పలకాలి. బాపు మోకాలితో నా మోకాలిని తాకేవాడు... నేను గుండీ లోపలికి నెట్టేదాన్ని. అంతే. ఆ ఒక్క నెట్టుడు కోసం పాట మొదలైనప్పటి నుంచి ఊపిరి బిగబట్టుకునేదాన్ని. ముందే నెడితే ఎట్లా, మరిచిపోతే ఎట్లా, గుండీ ఊడి చేతిలోకి వస్తే ఎట్లా... అయ్యగారు ఏం ప్రసంగం చెప్పారో ఒక్కనాడూ వినలేదు.

ఇంత భయమున్నా ఆ చోటు ఇంకొకరికి ఇవ్వాలనిపించలేదు. ఇంట్లో మేము ఆరుగురు పిల్లలం. బాపు పక్కన కూర్చునే వంతు నాకు ఇంట్లో ఎన్నడూ రాలేదు... గుడిలోనే వచ్చింది.

నాకు పదకొండేండ్లు దాటాక ఒకరోజు సంఘ పెద్ద భార్య, మేము పెద్దమ్మ అని పిలిచేవాళ్లం, గుడి బయట బాపును ఆపింది.

"ఏమయ్యా, పోరి ఎదుగుతుంది. ఇంకెన్నొద్దులు మొగోళ్ల నడుమ కూసోబెట్టుకుంటవు?"

"గుండీ నెట్టనీకి వదినె..."

"నెట్టకుండనే వాయించు. గొంతు మారకుంటే మాకేమన్న తెలుస్తదా?"

బాపు నవ్వి ఇంటి దారి పట్టాడు. నేనైతే ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు.

శనివారం మధ్యాహ్నం బాపు పెట్టెను ఇంటికి తెచ్చాడు. చెప్పులు కుట్టే తాతను అడిగి పలుచటి మేకతోలు ముక్కలు తెచ్చాడు. అవ్వ, మా అమ్మను అట్లాగే పిలిచేవాళ్లం, మైదపిండి ఉడకబెట్టి జిగురు చేసింది. నేను ముక్కలు అందిస్తుంటే బాపు ఒక్కో చిల్లు మీద అతికించాడు. "గీడ వేలు పెట్టు బిడ్డా, జర గట్టిగ ఒత్తు" అంటే ఒత్తాను. ఆరేదాకా కోళ్లు పొడవకుండా ఎండలో కావలి కూర్చున్నాను. బాపు అంతసేపు నాతో మాట్లాడుతూ పని చేసినందుకు సంబరపడ్డానే తప్ప... ఎందుకు అతికిస్తున్నామో నాకు తట్టలేదు.

పొద్దుగూకే ముందు బాపు తిత్తి నింపి చెయ్యి తీసి చూశాడు. పెట్టె పలుకుతూనే ఉంది. అదే చేత్తో గుండీ నెట్టాడు... గొంతు మారింది.

"సూసినవా, ఇగ నీకు పరేషాన్ లేదు. రేపటిసంది అవ్వ దగ్గర నిమ్మలంగ కూసో" అన్నాడు. నా భయం పోగొట్టానని అనుకున్నాడు, పాపం.

మరునాడు అవ్వ పక్కన కూర్చున్నాను. పాట మొదలైంది. కళ్లు మూసుకొని నేనేం ప్రార్థన చేశానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే... బాపు తప్పాలని చేశాను. అందరి ముందు పెట్టె ఆగిపోవాలని, బాపు నన్ను పిలవాలని.

మూడో చరణం వచ్చింది. బాపు ఎడమచెయ్యి తిత్తిని వదిలి, గుండీని నెట్టి, మళ్లీ వెనక్కి పోయింది. పాట ఎక్కడా తెగలేదు. నా చెయ్యి మాత్రం ఒళ్లో దానంతటదే కదిలింది.

బాపు అన్ని తలల మీదుగా నన్ను వెతుక్కొని నవ్వాడు. ఎంత సంతోషమో ఆ మొహంలో... నాకు ఏడుపు ఆగలేదు.

"ఏమైందే?" అంది అవ్వ.

"కడుపు నొస్తుంది."

"పొద్దుగాల గన్ని అటుకులు తినకు అంటె ఇంటివా?"

బాపు బతికున్నన్ని రోజులూ ఈ ముచ్చట ఆయనకు చెప్పలేదు. చెబితే బాధపడతాడేమోనని ఫికర్.

ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. ఇక్కడి గుడిలో కాలేజీ చదివే ఒక పిల్ల కీబోర్డు వాయిస్తుంది. కుడిచెయ్యి పాట మీదే ఉంటుంది... ఎడమచేతి వేలితో బటన్ నొక్కితే ఫ్లూట్ పోయి వయొలిన్ వస్తుంది. తిత్తి లేదు, గాలి బాధ లేదు. అయినా ఆ వేలు లేచినప్పుడల్లా నాకు గుండె దడ. వేరే బటన్ మీద పడితేనో, కరెంటు పోతేనో అని... ఆ పిల్ల ఇంతవరకు ఒక్కసారీ తప్పలేదు.

మొన్న ఆరాధన అయ్యాక ఉండబట్టలేక దగ్గరికి పోయాను.

"బిడ్డా, పాట నడుమ గట్ల మారుస్తవు గదా, భయం కాదా?"

"భయమెందుకు అమ్మమ్మా? ఇంటికాడనే అన్నీ వరుసగ పెట్టుకొని వస్త. ఊకె నొక్కుడే."

"మరి నీ పక్కకు ఎవ్వలు కూసోరా?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "పక్కకెందుకు అమ్మమ్మా? ఏం పనున్నది?"

ఏం లేదు బిడ్డా అని వచ్చేశాను... నిజమే కదా, ఏం పని లేదు. ఇప్పుడు ఎవరికీ పక్కన ఇంకొకరు కూర్చోవలసిన పని లేదు.

మీరు చిన్నప్పుడు ఎవరి పక్కన కూర్చునేవారు, ఏం పని మీద... రాయండి. ఎంత పెద్దగా రాసినా ఫికర్ లేదు. నాలుగో తరగతి చదువు నాది, అయినా కూడబలుక్కొని అన్నీ చదువుతాను... నాకు పొద్దంతా ఖాళీయే.