కుర్చీలు మోసుకెళ్లే రోజు

నా టీ నేనెప్పుడూ వేడిగానే తాగుతాను. వినేవాళ్లకు ఇది అదృష్టంలా అనిపించవచ్చు. పాఠాలు చెప్పుకుని బతికేవాడికి మాత్రం అంత మంచి కబురు కాదు.

మా కాలేజీ తెల్లాపూర్ దాటాక ఉంది. స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూస్తే ఒకవైపు అపార్టుమెంట్ల టవర్లు, మరోవైపు ఇంకా కడుతున్న అపార్టుమెంట్ల టవర్లు. నా ఎదుటి బల్ల మేడంది. ఇద్దరం కంప్యూటర్ పాఠాలే చెబుతాం. ఆవిడది కాకినాడ వైపు. పిల్లల్ని కూడా 'అండి' అనే పిలుస్తారు. విరామం గంట కొట్టగానే పిల్లలు నోట్సులు పట్టుకుని ఆ బల్ల చుట్టూ మూగుతారు. "ఒక్క నిమిషమండి, టీ తాగేసి చెబుతాను" అంటారు గానీ, తాగగా నేను చూడలేదు. ఆ గ్లాసులో టీ మీద మీగడ కడుతుంది. కాసేపటికి ఆ మీగడ ముడతలు పడుతుంది. నేను ఆ ముడతలు చూస్తూ నా వేడి టీ తాగుతాను.

నా క్లాసులో పిల్లలు నవ్వుతారు. బాగా నవ్వుతారు. నవ్వడం అయ్యాక, సందేహాలు తీసుకుని ఆవిడ దగ్గరికి వెళతారు.

నిరుడు మా ఇద్దరికీ కలిపి ఒక సెక్షన్ అప్పగించారు. దానికి 'లెర్నింగ్ కమ్యూనిటీ' అని పేరు. నాకు అర్థమైనంతవరకు, పిల్లలూ మాస్టర్లూ ఒకరినుంచి ఒకరు మనసులో ఆశించి ఊరుకునేవన్నీ మొదటిరోజే పైకి చెప్పుకోవాలి. చెప్పుకున్నాక ఇరుపక్షాలూ పాటించాలి. అన్నీ ఒక చార్టు మీద రాసి, అందరం సంతకాలు చేసి గోడకు అంటించాం. "తెలియకపోతే తెలియదని చెప్పాలి" అని పిల్లలు మా గురించి రాశారు. రాసేటప్పుడు ఎవరూ నా వైపు చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకపోవడమే కొంచెం గుచ్చుకుంది. "పక్కవాళ్ల కోడ్ తెచ్చి అతికించకూడదు" అని మేం వాళ్ల గురించి రాశాం. తొమ్మిదింటికి తలుపు మూసెయ్యాలన్నది మాత్రం అందరికీ కలిపి రాసుకున్నాం. ఆ తర్వాత ఎవరొచ్చినా విరామం దాకా బయటే. ఎవరొచ్చినా అంటే, మేమైనా సరే.

వీటికి తోడు ప్రిన్సిపాల్ కనిపెట్టిన కుర్చీల రోజు ఒకటుంది. సెమిస్టరు సగమయ్యాక మేమిద్దరం గదిలో చెరో మూల కూర్చోవాలి. ప్రాజెక్టుకు ఎవరి సాయం కావాలో వాళ్ల మూలకు పిల్లలు తమ కుర్చీలు మోసుకుని వెళ్లాలి. చీటీలు వేయడం లేదు. కాబట్టి గుట్టుగా ఓడిపోయే సౌకర్యమూ లేదు. ప్రిన్సిపాల్ మాత్రం ఏ మూలా కూర్చోరు.

కుర్చీల సంగతి నేను పట్టించుకోలేదు. జూన్ నుంచి రోజూ పట్టించుకోకుండానే ఉన్నాను.

వానాకాలంలో ఒక పొద్దున గచ్చిబౌలి దగ్గర నీళ్లు నిలిచి, మేడం ఆలస్యంగా వచ్చారు. మొదటి పీరియడ్ ఆవిడదే. తలుపు మూసి ఉంది. నేను అటుగా వెళుతూ, "తీయమనండి, మీ క్లాసే కదా" అన్నాను.

"రాసుకున్నాం కదండీ!" అని తడి గొడుగు గోడకు ఆనించి వరండాలో నిలబడ్డారు.

లోపల ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతె లేచి, బోర్డు దగ్గరికి వెళ్లి తనే పాఠం మొదలుపెట్టింది. మేడం కిటికీలోంచి విన్నారు. మధ్యలో చెయ్యెత్తి ఒక సందేహం అడిగారు. లోపల చప్పట్లే చప్పట్లు.

ఆలస్యంగా రావడం కూడా నాకంటే ఆవిడే బాగా చేశారు.

తర్వాతి మంగళవారం మొదటి పీరియడ్ నాది. మూసిన తలుపు బయట నలుగురైదుగురు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. అందరూ పక్కనున్న గేటెడ్ కమ్యూనిటీల వాళ్లే.

"ట్రాఫిక్, సార్" అన్నాడొకడు.

నడిచొచ్చేవాళ్లకు ట్రాఫిక్ ఏమిటని అడగొచ్చు. కానీ నాకు కుర్చీలు గుర్తొచ్చాయి. తలుపు తీసి, "రండి నాయనా, ఈ ఊళ్లో టైముకొచ్చినవాణ్ణే అనుమానించాలి" అన్నాను. క్లాసంతా నవ్వింది.

"మీరు కిరాక్, సార్!" అన్నాడు వాడు. ఆ మెచ్చుకోలు మాట సాయంత్రం ఇంటిదాకా నాతోనే వచ్చింది.

ఆ తర్వాత ప్రతి మంగళవారం తీశాను. క్రమంగా నా క్లాసుకు తలుపు ఒక అలంకారమైంది.

ఒకరోజు విరామంలో, వాననాడు పాఠం చెప్పిన ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చింది. మేడం బల్ల దాటి నా బల్ల దగ్గర ఆగింది. నేను టీ కింద పెట్టేశాను.

"డౌటా అమ్మా?"

"డౌట్ కాదు సార్. కొట్లాట."

"అయితే కూర్చో. నిలబడి కొట్లాడితే కాళ్లు నొప్పులు."

ఆమె కూర్చోలేదు. "ఏంది సార్ గిది? తొమ్మిదింటికి తలుపు మూస్తమని అందరం కూసొని రాసుకున్నం. మీరు గూడ సంతకం పెట్టిన్రు. నేను బాలానగర్‌ల మెట్రో ఎక్కి, అమీర్‌పేటల మారి, రాయదుర్గంల దిగి, ఆడికెల్లి బస్సు పట్టుకొని ఉరుక్కుంట వస్త. వాళ్ల ఇండ్లు మీ కిటికీలకెల్లి కనవడ్తయి!"

"పాపం, లిఫ్టు ఆలస్యమైందేమో."

ఆమె నవ్వలేదు. ఆ సెక్షన్లో నా జోకుకు నవ్వని మొదటి మనిషి.

"మేడం వానల తడిసొచ్చి బయట నిలవడ్డరు సార్. మీరు తలుపు తీస్తే ఆమె నిలవడ్డది ఉత్తదే అయితది గద? నేను ఉరికింది గూడ ఉత్తదే."

నాతో కొట్లాడటానికి వచ్చి కూడా మేడం పేరే. "ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు" అన్నాను. చార్టు మీది మాట నేను పాటించడం అదే మొదలు.

"గట్లనా? మరి మంగళారం తలుపు ఏస్తరా?"

"వేస్తాను."

వేశాను. 'కిరాక్' అన్న కుర్రాడు తలుపు అద్దంలోంచి లోపలికి చూశాడు, షోరూంలో కొనలేని బండిని చూసినట్టు. "సార్ మారిపోయిండు రా" అనడం స్పష్టంగా వినబడింది. నా మూలకు రావాల్సిన కుర్చీలు వరండాలోనే నిలిచిపోయాయనుకున్నాను.

కుర్చీల రోజు రానే వచ్చింది. మేడం కిటికీ మూల, నేను తలుపు మూల. అటెండర్ ఇద్దరికీ టీ ఇచ్చి వెళ్లాడు. కుర్చీలు లేచాయి. గచ్చు మీద గీరుకుంటూ, ఒకదాన్నొకటి కొట్టుకుంటూ కిటికీ మూలకే వెళ్లాయి. నేను తలుపు తీసి లోపలికి రానిచ్చిన కుర్రాళ్లూ అటే, తలుపు వేశాక అలిగిన కుర్రాళ్లూ అటే. వాళ్లూ వీళ్లూ ఒకటే కాబట్టి ఆ లెక్క తొందరగా తేలింది. "సర్దుకోండి, సర్దుకోండి, చోటుందండి" అంటున్నారు మేడం. ఆవిడ గొంతులో గర్వం ఉంటుందేమోనని చెవులు రిక్కించాను. లేదు. ఉంటే ఎంత హాయిగా ఉండేది!

టీ ఎత్తి ఒక గుక్క తాగాను. వేడిగానే ఉంది.

అప్పుడు నా ఎదురుగా ఒక కుర్చీ దిగింది. బాలానగర్ అమ్మాయి.

"మేడం మూల అటు కదమ్మా" అన్నాను.

"ఎరుకనే సార్."

"మరి?"

"మేడంతోని కొట్లాట నడవది. ఆమె అన్నీ ముందే మంచిగ చేస్తరు. మీతోనైతే కొట్లాడొచ్చు, చెప్తే ఇంటరు. నా ప్రాజెక్టుకు కొట్లాట గావాలె."

"ఇది మెచ్చుకోవడమేనా?"

"ఏమో సార్, నాకు తెల్వది" అని గోడ మీది చార్టు వైపు చూసింది. అప్పుడు నవ్వింది.

ఆమె వెనకే ఇంకో రెండు కుర్చీలు వచ్చాయి. వాటిలో ఒకటి నా మూలనున్న ఫ్యాను కోసం వచ్చిందని నా అనుమానం. కాదనుకోవడానికి చాలా ప్రయత్నిస్తున్నాను.

ఆమె లాప్‌టాప్ తెరిచింది. వాళ్ల నాన్నకు లేత్ మిషన్ షాపు ఉంది. ఏ పని ఎంతదాకా వచ్చిందో ఆయనకు ఫోన్లో కనబడాలట. నేను స్క్రీన్ మీద ఏమేం పెట్టాలో చెప్పడం మొదలుపెట్టాను.

"జర ఆగున్రి సార్. అన్ని బటన్లా? మా డాడీ చేతులకు నూనె ఉంటది."

"తుడుచుకోవచ్చు కదా."

"గింత దానికి మాటిమాటికి తుడుసుకుంటరా? మీరైతే తుడుసుకుంటరా?"

ఆ కొట్లాట గంట కొట్టేదాకా సాగింది. టీ కోసం చెయ్యి చాపితే గ్లాసు చల్లగా తగిలింది. లోపలికి తొంగి చూశాను. మీగడ కట్టింది, ముడతలు కూడా పడింది.

కిటికీ మూల నుంచి కనబడేలా గ్లాసును కొంచెం ముందుకు జరిపాను.