మువ్వ ఊడిన బొమ్మలు

పోయినవి ముందు చెబుతాను. ఒక కుట్టుమిషను. నలుగురు ఆడవాళ్ల చేతిపని. నన్ను అన్నా అని పిలిచే మనిషికి నేను చెప్పాల్సిన నిజం. నాలుగేళ్లుగా ఈ మూడింటి బరువూ మోస్తున్నాను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది జనగామ. వారపు అంగళ్లలో పిల్లల ఆటవస్తువులు అమ్ముతాను. ఏడో తరగతిలోనే బడి మానేసినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఏ సరుకులో ఎంత మిగులుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నెల్లికుదురు దగ్గరి తండాలో మంగ్లీ అనే ఆమె మరో ముగ్గురితో కలిసి గుడ్డబొమ్మలు కుట్టి నాకు ఇచ్చేది. బొమ్మ కాళ్లకు చిన్న మువ్వలు. వాటిని మైనం పట్టిన జంటదారంతో బిగించేది. బొమ్మకు ఓ రూపాయి మిగులుతుందని సన్నదారం కొనిచ్చింది నేనే. ఆ దారంతో కుట్టినవి అరవై నాలుగు అమ్మాను.

చెల్పూరు అంగట్లో ఒక తల్లి వచ్చి, కొన్న బొమ్మను నా ముందు విసిరేసింది. మువ్వ ఊడి బిడ్డ గొంతులోకి పోబోతే వేలు పెట్టి తీసిందట. తిట్టి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి, అమ్మకుండా మిగిలిన పన్నెండు బొమ్మల మువ్వలకు కిలో ఉప్పు పొట్లం కట్టి వేలాడదీశాను. ఐదు బొమ్మల మువ్వలు ఊడిపోయాయి.

అప్పుడే, ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు ఉండి తీరాలన్న చట్టం గురించి అంగళ్లలో అందరూ మాట్లాడుకుంటున్నారు. ఆ పరీక్షలు, ఆ లైసెన్సు ఇంట్లో కుట్టుకునేవాళ్ల తాహతుకు మించినవి. అయితే చేతివృత్తివాళ్లు పేరు నమోదు చేయించుకుంటే మినహాయింపు ఉందని చదివాను. చదివి కూడా, తండాకు వెళ్లి ఇంకోలా చెప్పాను.

“సర్కారు చేతిబొమ్మలు బంద్ పెట్టింది చెల్లే.”

మంగ్లీ నవ్వింది. “ఎందుకన్నా? నా బొమ్మలు ఎవల్నన్న కరిసినయా?”

“చట్టమే గట్ల వచ్చింది.”

ఆమె నవ్వు ఆగింది. చేతిలోని బొమ్మను తిప్పి కాళ్లు చూసింది. “నిజం చెప్పు. నువ్వు తెచ్చిన దారం గిట్ల తెగిందా?”

“దారమా? లేదు.”

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! మినహాయింపు సంగతి ఎందుకు చెప్పలేదు? నమోదుకు పోతే బొమ్మలు చూస్తారని, చూస్తే దారం ఎవరిచ్చారని అడుగుతారని, అప్పుడు చెల్పూరు తల్లి మాట కూడా బయటికొస్తుందని ఒక్క నిమిషంలో ఇంత దూరం లెక్క వేసుకున్నాను. పసిపిల్లల కోసం వచ్చిన చట్టం చాటున నేను దాక్కున్నాను.

ఆ ఏడే మంగ్లీ మిషను అమ్మేసి మిరపకాయలు ఏరడానికి కూలికి పోయింది. ఇప్పటికీ కనిపిస్తే సర్కారునే తిడుతుంది. నీ బేరం గూడ పాయె గదన్నా అని నా మీద జాలి పడుతుంది. నేను తల ఊపుతాను.

పాత బొమ్మ తెస్తే కొత్త బంతి ఇస్తానని ఘనపూర్ దాకా తిరిగాను. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండు వచ్చాయి. చెల్పూరు తల్లి విసిరేసినది ఇంకొకటి. మిగతావాటితో ఆడిన పిల్లలు పెద్దవాళ్లయి ఉంటారు. కానీ బొమ్మను ఎవరు పారేస్తారు? తమ్ముడికో చెల్లికో ఇస్తారు.

మువ్వ ఊడుతుందని నోరు తెరిచి చెప్పడం ఇదే మొదటిసారి. ఇంకా నా చేతికి రావలసిన బొమ్మలు నలభై ఒకటి.