సర్దుబాటక్క ఒప్పుకోని రోజు

ఆమె అసలు పేరు కుట్టుగదిలో ఎవరికీ గుర్తులేదు. సర్దుబాటక్క అంటేనే పలికేది. పేరు పెట్టినవాళ్లు వేళాకోళానికి పెట్టినా, అది ఆమెకి కుట్టించిన జాకెట్టులా సరిపోయింది.

ఆ గది ఆరుగురు ఆడవాళ్లది. పైన యజమాని అంటూ ఎవరూ లేరు. ఆరు మిషన్లు, మధ్యలో పొడవాటి కటింగ్ బల్ల, గుడ్డపీలికలు కుక్కిన గోనెసంచులు, చల్లారడానికి తీరికలేని ఇస్త్రీపెట్టె. బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి గౌన్లు కుట్టేవాళ్లు. యజమాని లేనిచోట అందరూ యజమానులే కదా, మరి తగవు తీర్చేదెవరు? అందుకని మొదట్లోనే ఒక పద్ధతి పెట్టుకున్నారు. సూది దిగకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు ప్రతి ఒక్కరికీ ఉంటుంది. ఏదైనా విషయం తేల్చాల్సి వస్తే, ఒప్పుకున్నవాళ్లు ఆ తొడుగు తీసి బల్ల మీద పెట్టాలి. ఆరూ బల్ల మీదికి వస్తేనే పని జరుగుతుంది. ఒక్కటి వేలికే ఉండిపోయినా ఆ మాట అక్కడితో సరి. చేతులెత్తించి లెక్కపెట్టడాలు లేవు, ఎక్కువమంది మాటే చెల్లాలన్న రూలూ లేదు.

వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ ఇళ్లలో పొయ్యిలు ఎదురుచూస్తుంటే ఒక్క తొడుగు కోసం ఐదుగురు ఎంతసేపని కూర్చుంటారు? ఎవరి వేలికైనా మిగిలిపోయిందంటే అందరి కళ్లూ అక్క వైపు తిరిగేవి. అక్క లేచి, స్టూలు లాక్కుని ఆ మనిషి పక్కన చేరేది. బతిమాలడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. నీ మాట కాదనడం లేదమ్మా, నలుగురి మాటా చూడాలి కదా, రెండ్రోజులు పోతే అదే అలవాటైపోతుంది. ఎవరికైనా ఇవే మూడు ముక్కలు. మనిషిని బట్టి గొంతులో తేనె కాస్త ఎక్కువో తక్కువో, అంతే. తొడుగు బల్ల మీదికి వచ్చేసేది.

గుండీలు కుట్టే వదిన ఒక్కతే ఆమెను కాస్త కష్టపెట్టింది. వదిన అంటే ఎవరికీ వదిన కాదు, అందరూ అలా పిలుస్తారు. ఇప్పుడున్న పెద్ద గదికి మారదామన్నప్పుడు వదిన పాత గది వదలనని మూతి ముడుచుకుని కూర్చుంది. అక్క పక్కన చేరి మూడు ముక్కలూ రెండేసి సార్లు చెప్పాక తొడుగు తీసి పెట్టింది. ఆ తర్వాత ఆ మనిషి పనికి సంబంధించిన మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. స్వభావమే అంత కాబోలని అక్క సరిపెట్టుకుంది.

అక్క ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. సాయంత్రం తాళం తీసింది మొదలు పొద్దున్న తాళం వేసేదాకా ఆమె నోరు తెరిచే అవసరమే ఉండదు. ఆదివారాలు మరీ అన్యాయం. కూరల బండి వస్తే ఒక్కొక్క వంకాయా తిప్పి చూస్తూ, ఇది లేతదేనా, ఇది పుచ్చు కాదు కదా అని బండివాణ్ణి విసిగించేది. వంకాయల మీద ప్రేమ కాదు, మాట పొడుగవుతుందని ఆశ. ఈ సంగతి కుట్టుగదిలో ఎవరికీ తెలియదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అక్క అడిగే రకం కాదు, పెట్టే రకం.

ఒక మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, కాలర్లు కుట్టే అమ్మాయి మాట ఎత్తింది. గది వదిలేసి ఎవరి మిషన్ వాళ్లు ఇంటికి తీసుకుపోదామని. పని ఇచ్చే ఆయన బట్టల కట్టలు ఇళ్లకే పంపిస్తానన్నాడట. ఆ అమ్మాయి అత్తగారు మంచం పట్టింది, పట్టుకునే మనిషి లేకపోతే లేవలేదు. ఇంకొకామెకి చంటిపిల్ల. మరొకామె రెండు బస్సులు మారి వస్తుంది. ఎవరి కష్టమూ అబద్ధం కాదు. ఒకటి తర్వాత ఒకటి తొడుగులు బల్ల మీదికి వచ్చాయి. వదిన కూడా పెట్టేసింది.

లెక్కకి ఒకటి తగ్గింది. అందరూ అలవాటుకొద్దీ అక్క వైపు చూశారు. అక్క కూడా అలవాటుకొద్దీ స్టూలు కోసం చెయ్యి చాపింది. అప్పుడు కనిపించింది, మిగిలిన తొడుగు తన వేలికే ఉంది.

ఇప్పుడు బతిమాలేదెవరు? కాసేపు దిక్కులు చూశాక కాలర్ల అమ్మాయే వచ్చి కూర్చుంది. నీ మాట కాదనడం లేదక్కా అంది. ఇంకొకామె వెనక నుంచి నలుగురి మాటా చూడాలి కదా అంది. అలవాటైపోతుందన్న ముక్క కూడా ఎవరో అందించారు. పాపం, వాళ్ల దగ్గర వేరే మాటలు లేవు, ఆమె దగ్గర నేర్చుకున్నవే. తన దాకా వస్తే గానీ తెలియదన్నట్టు, ఇన్నేళ్లకు అక్కకి ఆ మాటల రుచి తెలిసింది. మెత్తగా ఉంటూనే అవి మనిషిని గోడకి నొక్కేస్తున్నాయి. వాటిలో ఎక్కడా ప్రశ్న లేదు.

ఆమెకి ఏడుపు వచ్చింది. తొడుగు లాగబోయింది.

"తియ్యకు" అంది వదిన, గుండీ మీద నుంచి కళ్లెత్తకుండానే. "ఎందుకు వద్దంటున్నావో ముందు చెప్పు. పాత గది కిటికీలోంచి మా వాడి బడి ఆవరణ కనపడేది. వాడికి మాట సరిగ్గా రాదు, పిల్లలు ఏడిపిస్తారు. వాడు ఆడుకుంటుంటే చూసుకునేదాన్ని. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

అక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ మనిషి పక్కన అంతసేపు కూర్చుంది, అంత తేనె ఒలికించింది, ఎందుకమ్మా అన్న ఒక్క మాట తనకి తోచలేదు.

తొడుగు మీద నుంచి చెయ్యి తీసేసి చెప్పింది. "ఇంట్లో నాకు మాట్లాడే మనిషి లేదు. మీరు లేకపోతే నేను నోరు విప్పేది ఎవరితో?"

చంటిపిల్ల తల్లి తన తొడుగు వెనక్కి తీసుకుంది. తర్వాత మిగతావాళ్లూ తీసుకున్నారు. కాలర్ల అమ్మాయి అందరికన్నా ఆఖర్న తీసుకుంది.

గది నిలబడింది. అక్క గెలిచిందనే అనాలి. అయితే ఆ రోజు నుంచి గదిలో ఎవరూ దెబ్బలాడుకోలేదు. దారం రంగు మీద, ఫ్యాను ఎటు తిరగాలన్నదాని మీద ఒక్క తగువు లేదు. రోగిని అడిగినట్టు అన్నం తిన్నావా అక్కా అని వంతులేసుకుని అడిగేవాళ్లు. నవ్వుకుంటున్నవాళ్లు ఆమె రాగానే సర్దుకునేవాళ్లు. పొద్దున్న ఆలస్యంగా వచ్చి, పొద్దుపోకముందే సంచులు సర్దేవాళ్లు. మనుషులు వచ్చి కూర్చుంటున్నారు, మనసులు ఇళ్లలోనే ఉంటున్నాయి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కనీసం తన మీద ఎవరూ జాలిపడరు. ఇక్కడ ఐదుగురి మధ్య కూర్చుని, ఎప్పుడూ లేనంత ఒంటరిగా అనిపించింది ఆమెకి.

ఇలా ఉండగా కాలర్ల అమ్మాయి ఒకరోజు పనికి రాలేదు. అత్తగారు మంచినీళ్ల కోసం ఒక్కతే లేవబోయి పడిపోయిందట, తుంటి విరిగిందట. మర్నాడు వచ్చి ఎవరినీ ఒక్క మాట అనకుండా మిషన్ దగ్గర కూర్చుంది. అక్క వైపు మాత్రం చూడలేదు.

అక్క లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. గది వదిలేద్దాం అని, తన తొడుగు తనే ముందు తీసి పెట్టింది.

మాట పూర్తయిందో లేదో, నాలుగు తొడుగులు గబగబా వచ్చి పడ్డాయి. ఆ గదిలో అంత తొందరగా అందరూ ఒక మాట మీదికి ఎప్పుడూ రాలేదు. ఒక్కరైనా కాసేపు తటపటాయిస్తే బాగుండునని అక్క ప్రాణం కొట్టుకుంది.

వదిన తొడుగు ఇంకా వేలికే ఉంది. ఆమె వచ్చి స్టూలు లాక్కుని అక్క పక్కన కూర్చుంది.

"ఇష్టమేనా?" అని అడిగింది.

"ఇష్టం లేదు వదినా" అంది అక్క. "ఒప్పుకుంటున్నాను, అంతే."

వదిన తల ఊపి, తన తొడుగు తీసి బల్ల మీద పెట్టింది.