ఎడమ భుజం మీద చెయ్యి

మాది రేపల్లె దగ్గర సముద్రపు ఊరు. మగవాళ్ళు వేటకు వెళ్తారు, మేం చేపలు కోసి అమ్ముతాం. ఏదైనా కోస్తేనే లోపలి సంగతి తెలుస్తుందని నమ్మే మనిషిని. అందుకే తెనాలి ఆసుపత్రిలో డాక్టరుగారు మా అమ్మాయికి ఆపరేషన్ వద్దన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆడుకుంటూ పడవ అంచు మీద పడింది. ఎడమవైపు పక్కటెముకల చాటున ఉండే ప్లీహం చిట్లి, లోపల రక్తం కారుతోందట. పిల్లల్లో చాలాసార్లు అది దానంతటదే మానుతుందని, మంచం దిగనివ్వకుండా కనిపెట్టుకుని ఉంటామని, పొట్ట మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని చెప్పారు. ఆగకపోతే అప్పుడు కోస్తారట. కారేదీ కనపడదు, ఆగేదీ కనపడదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, అన్నాలయ్యాక వార్డు సద్దుమణిగింది. పిల్ల కళ్ళు మూసుకునే మెల్లిగా అంది. "అమ్మా, తాత చెయ్యేశాడు."

"ఎక్కడే?"

"ఎప్పుడూ ఏసే చోటే. బరువుగా ఉంది."

మా మామగారికి చివర్లో చూపు ఆనేది కాదు. దీని ఎడమ భుజం మీద చెయ్యి వేసుకునే రేవుకు నడిచేవారు. ఆయన పోయి ఏడాది దాటింది.

డాక్టరుగారు విని నవ్వలేదు. లోపల చేరిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరకు తగిలితే నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుందన్నారు. మళ్ళీ స్కాన్ తీయించి, రక్తం పెరగలేదని చెప్పారు. నమ్మాను. కానీ మంచానికి ఎడమపక్క స్టూలు వేసుకోవడం మానేశాను.

సాయంత్రం మా అత్తగారు ఆముదం సీసాతో దిగింది. మా వైపు పిల్ల కిందపడితే ముందు పొట్టకు నూనె రాసి తోమాల్సిందే. భుజం మాట వినగానే ఆవిడ ముఖం వెలిగింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది. "మీ మావ పిల్లని వదిలి ఉండలేడే" అంటూ చేతిలో నూనె పోసుకుంది. మణికట్టు పట్టుకుని ఆపాను. కాపురానికి వచ్చాక ఆవిడకు ఎదురు చెప్పడం అదే మొదలు.

"చెయ్యి తియ్యండి అత్తమ్మా. ఆయన్ని కూడా తియ్యమనండి."

ఆవిడ గొడవ పడలేదు. మంచానికి ఎడమవైపు వెళ్ళి నిలబడి, ఎవరితోనో గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడింది.

ఆ తర్వాత డాక్టరుగారు వచ్చినప్పుడల్లా నాడి, బీపీ చూసి, "తాత ఉన్నారా?" అని అడిగేవారు. ఉన్నాడండి అనేది పిల్ల. ఒక ఉదయం "లేడండి" అంది. రక్తం ఆగిందని స్కానులోనూ తేలింది. నేను సంతోషంతో డాక్టరుగారికి దణ్ణం పెట్టాను. పిల్ల మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చింది.

కొన్ని నెలలు గెంతకూడదని చెప్పి ఇంటికి పంపారు. తెనాలి స్టేషన్లో రేపల్లె రైలు దగ్గరికి పిల్ల నెమ్మదిగా నడిచింది, తాతను నడిపించేటప్పటిలాగే ఎడమ భుజం కాస్త దించి. ప్లాట్‌ఫారం ఎక్కే చోట ఆగి, పక్కకు తిరగకుండానే, "మెట్టుంది" అంది.

మా అత్తగారు తల దించుకుంది. నా పిల్ల నాకు దక్కింది, అది చాలనుకున్నాను. దానికి కుడివైపుకు మారి నడిచాను.