గుడారానికి లైనింగు

కొలవకుండా దేన్నీ వదిలిపెట్టని మనిషి ఒకడున్నాడంటే, అది మా వీధి మలుపులో కుట్టు దుకాణం పెట్టుకున్న మామయ్యే. ఆయన్ని అలా పిలిచే హక్కు నిజానికి కోడలొక్కదానికే ఉంది గానీ, ఆ అమ్మాయి పిలుపు విని విని వీధి వీధంతా ఆయన్ని మామయ్యని చేసేసుకుంది. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. స్నానానికి వెళ్ళేటప్పుడైనా తీస్తాడా అన్నది ఎంత ఆరా తీసినా తేలలేదు.

కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున అందరూ చదువూ ఉద్యోగమూ అడుగుతుంటే, ఈయన కళ్ళు చికిలించి, "భుజం పద్నాలుగున్నర. ఎడమవైపు పావంగుళం వాలింది. బరువులెత్తే పనా అమ్మా?" అన్నాడు. ఆ పిల్ల ఆస్పత్రిలో నర్సు. రోగుల్ని లేపి కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ భుజం అలా వాలింది. కన్నతల్లి కూడా కనిపెట్టలేదు ఆ సంగతి.

ఒకసారి ఆయాసం వస్తే ఆయన్ని అదే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు మెడలో గొట్టం, ఈయన మెడలో టేపు. ఎవరిని ఎవరు పరీక్ష చేస్తున్నారో చూసేవాళ్ళకి తెలిస్తే ఒట్టు.

"ఏమిటండీ ఇబ్బంది?" అన్నాడు డాక్టరు.

"మీ కోటు కుడిచెయ్యి అరంగుళం పొడుగు. ఇబ్బంది మీదే."

మర్నాడు డాక్టరు కోటు చంకలో పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఆయాసం సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఇంతమందికి కుట్టినవాడు తనకంటూ ఒక్క సూటు కుట్టుకోలేదు. ముదురు నీలం సూటు గుడ్డ ఒకటి ఇరవై ఏళ్ళుగా దాచుకున్నాడు. "దీనికి తగ్గ సందర్భం రావాలి," అంటాడు. కొడుకు పెళ్ళి వచ్చింది, కూతురి పెళ్ళి వచ్చింది, ఏదీ ఆయన కొలతకి సరిపోలేదు. ఇంట్లో వదిలేస్తే పురుగు కొడుతుందని, ఏ ఊరికి వెళ్ళినా ఆ గుడ్డ పెట్టెలో ఉండాల్సిందే.

సరే, గుడారాల సంగతికి వద్దాం. కోడలికి ఒక ఆడపడుచు ఉంది. మహా చురుకు. కుదురుగా కూర్చున్న మనిషి కనబడితే ఆవిడకి కాలూ చెయ్యీ ఆడవు. సముద్రం ఒడ్డున ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రంలో రెండు రోజులు గ్లాంపింగ్ అని, ఇంటిల్లిపాదికీ గుడారాలు మాట్లాడేసింది.

"గ్లాంపింగ్ అంటే ఏమిటే?" అన్నాడు మామయ్య.

"గుడారమే నాన్నా. కాకపోతే లోపల మంచం, పరుపు, తివాచీ అన్నీ ఉంటాయి."

"అన్నీ ఉంటే ఇల్లే కదే! గోడలు మాత్రం ఊడబీకారన్నమాట."

కోడలు ఔననలేదు, కాదనలేదు. ఆ మాత్రం ఓపిక కూడా లేదు పాపం. వరసగా పద్నాలుగు రాత్రులు డ్యూటీ చేసింది. రాత్రంతా మెలకువ. పగలు పడుకుందామంటే కింద బస్సులు, పైన కుర్చీలు జరిపే చప్పుడు. కాస్త సెలవు దొరికినా, రాత్రి నిద్రపోవడం ఒళ్ళు ఎప్పుడో మరిచిపోయింది. అంతకుముందు వారం ఒక రోగి మాత్ర ఇంకో రోగి నోటిదాకా తీసుకెళ్ళి, ఆఖరి క్షణంలో మంచం మీద పేరు చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ రోజు ఇంటికొచ్చి, "మామయ్యా, ఒక్క పగలు నిండా నిద్రపోకపోతే నా చేతుల్లో ఎవరికో ఏదో అయిపోతుంది," అంది. ఆయన విన్నట్టే లేదు. గుమ్మం వెడల్పు కొలుస్తూ, "ముప్పై నాలుగు," అన్నాడు.

సోమవారం పగలు తిరుగు ప్రయాణం, రాత్రి మళ్ళీ వార్డులో ఉండాలి. చేతిలో ఉన్నవి శనివారం పగలు, ఆదివారం పగలు. ఆమెకి సముద్రం వద్దు, గాలి వద్దు. అందులో ఒక్క పగలు నిద్ర కావాలి.

శనివారం పొద్దున దిగారు. పచ్చగడ్డి మీద తెల్లటి గుడారాలు, గంటలు బోర్లించినట్టున్నాయి. అందరూ సముద్రం వైపు తిరిగితే మామయ్య గుడారం వైపు తిరిగాడు. చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, క్షేత్రం యజమానురాలిని పిలిచాడు.

"ఎవరమ్మా దీన్ని కత్తిరించింది? బొత్తిగా నడుమే లేదు!"

"అది గుడారమండీ," అందావిడ.

"గుడారమైతే మాత్రం? ఫిట్టింగు ఉండొద్దా? పైగా లైనింగు కూడా లేదు. సిగ్గు లేకుండా ఎండంతా లోపలికి వచ్చేస్తోంది."

ఆ చివరి మాట మాత్రం అక్షరాలా నిజం. భోజనాలయ్యాక కోడలు మంచమెక్కి కళ్ళు మూసుకుంటే, లోపల వంద ట్యూబులైట్లు వెలిగించినట్టుంది. ద్వారం తెర గాలికి టపటపా కొట్టుకుంటోంది. పక్క మంచం మీద భర్త అప్పుడే గుర్రు మొదలుపెట్టాడు. అలాంటి వరం కొందరికే ఉంటుంది. ఎలాగో రెప్ప వాలే వేళకి మంచం కింద ఏదో పాకింది.

"ఎవరది?"

"నేనేనమ్మా. నువ్వు పడుకో. ఆరడుగుల మూడంగుళాలు."

"మామయ్యా, ఏం కొలుస్తున్నారు?"

"ఏమీ లేదు, ఏమీ లేదు. తెర సందు అంగుళమున్నర," అని బయటికి పాకిపోయాడు.

అక్కడితో ఆగితే మామయ్య ఎందుకవుతాడు? బయట ఆడపడుచు కూతుళ్ళిద్దర్నీ పోగేశాడు. "నలభై అడుగులు! ఇక్కణ్ణుంచి అరవండి!"

"తాతయ్యా!" అని ఇద్దరూ గొంతు చించుకున్నారు.

"వినిపిస్తోంది. యాభై! మళ్ళీ!"

"తాతయ్యా!"

కోడి కూసింది. దాన్నీ కొలిచాడు. ఆఖరికి ఆడపడుచు తెరలోంచి తల లోపలికి పెట్టి, "వదినా, ఇంకా పడుకున్నావా? గొర్రెలకి మేత వేద్దువు గాని రా!" అంది.

కోడలు లేచి బయటికొచ్చింది. జుట్టు రేగి, కళ్ళు ఎర్రబడి, పూనకం వచ్చినదానిలా ఉంది. సరాసరి మామయ్య దగ్గరికెళ్ళింది.

"మామయ్యా, మీకు దండం పెడతాను. ఇంకొక్క అంగుళం కొలిచారంటే ఆ టేపు సముద్రంలో పారేస్తాను. ఈ ఇంట్లో నా బాధ పట్టినవాళ్ళు ఒక్కరూ లేరు!"

ఆ పిల్ల ఏడేళ్ళలో ఎత్తని గొంతు అది. గొర్రెలు కూడా నమలడం మానేశాయి. మామయ్య మెడలోంచి టేపు తీసి, చుట్టచుట్టి జేబులో పెట్టుకుని, "సరేనమ్మా," అన్నాడు. బోసిగా ఉన్న ఆయన మెడ చూసి కోడలికి గుండె చివుక్కుమంది గానీ, క్షమించమనడానికి కూడా ఓపిక చాల్లేదు.

ఆ రాత్రి అనుకున్నట్టే కంటి మీద కునుకు లేదు. ఆదివారం తెల్లవారుతూనే ఆడపడుచు, "ఆవుల పాలు పితుకుదాం, తర్వాత పడవ!" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మామయ్య మాత్రం నడుం పట్టేసిందని ఉండిపోయాడు. కోడలు పడవలో కూర్చుని సముద్రాన్ని చూసింది. సముద్రం కూడా ఆవులిస్తున్నట్టే కనబడింది.

తొమ్మిదిన్నరకి కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చి చూస్తే, గుడారం చుట్టూ దూరంగా మేకులు పాతి, తాడు కట్టి, దానికి గుడ్డపీలికలు వేలాడదీసి ఉన్నాయి. మొగుడి మంచం గొర్రెల పక్కకి తరలిపోయింది. బుట్ట కింద పెట్టిన కోడిని మామయ్య సామాన్ల కొట్టంలోకి మోసుకెళ్తుంటే, వెనకాల యజమానురాలు నెత్తి కొట్టుకుంటోంది.

"ఏమిటి నాన్నా ఈ కంచె?" అంది ఆడపడుచు.

"పిల్లల గొంతుకి అరవై అడుగులు. వాడి గుర్రుకి ఎనభై. నీకు నూటపది."

"నా ఒక్కదాని గొంతుకే అంతా?"

"తక్కువే వేశానే. కన్నకూతురివని."

కోడలు తెర తీసి లోపలికెళ్ళింది. తెర సందు అంగుళమున్నరా మూసుకునేలా పట్టీ, కొక్కేలు కుట్టి ఉన్నాయి. ఇక టపటపా లేదు. నడిమి గుంజ నుంచి మంచం మీదికి దోమతెరలా ఒక పెద్ద గుడ్డ టోపీ దిగింది. ముదురు నీలం రంగు. ఆరడుగుల మూడంగుళాల మంచాన్ని తలాపు నుంచి పాదాల దాకా సరిగ్గా కప్పింది, వెలుగు పోగు దూరకుండా. ఎంత చక్కటి ఫిట్టింగంటే, చివర్లో ఒక కాజా, ఒక గుండీ కూడా ఉన్నాయి.

ఆమె ఆ గుడ్డని వేళ్ళతో తడిమింది.

"మామయ్యా... ఇది మీ సూటు..."

"సందర్భం వచ్చింది కదమ్మా," అన్నాడాయన బయటినుంచి. లోపలికి రాలేదు. "మాట్లాడకుండా పడుకో. గుండీ లోపలినుంచి పెట్టుకో."

ఆమె గుండీ పెట్టుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకి తెలియదు.

లేచి బయటికొచ్చేసరికి నీడలు పొడుగయ్యాయి. గుమ్మం ముందు కుర్చీలో మామయ్య కాపలా కాస్తూ, కాస్తూనే నోరు తెరిచి నిద్రపోతున్నాడు. టేపు జేబులోంచి సగం జారింది. కోడలు దాన్ని మెల్లగా లాగి, ఆయన భుజం మీద ఈ కొస నుంచి ఆ కొసకి పట్టింది.

"పదిహేడు," అనుకుంది పైకే.

"పదిహేడున్నర," అన్నాడాయన కళ్ళు తెరవకుండా. "టేపు వంకరగా పట్టావు. అయినా ఎందుకిప్పుడు నా కొలతలు?"

"సూటుకి. ఈసారి గుడ్డ నేను తెస్తాను, మీరు దాచడానికి వీల్లేదు," అని టేపు ఆయన మెడలో వేసింది. "ఇంతకీ ఎంతసేపు పడుకున్నాను మామయ్యా?"

ఆయన ఒక కన్ను తెరిచి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు. "అది కొలవలేదమ్మా."

ఇంతలో తాడు అవతల నుంచి, "వదినా! లేచావా? సూర్యుడు దిగిపోతున్నాడు, రా!" అని కేక వచ్చింది. చెవుల్లో గింగురుమంది.

మామయ్య నిట్టూర్చి, నడుం పట్టుకుని లేచాడు. "నూటపది చాల్లేదు," అని గొణుక్కుంటూ మేకులు ఇంకో ఇరవై అడుగులు వెనక్కి పాతడానికి బయల్దేరాడు. కోడలు వెనక్కి తిరిగి లోపలికెళ్ళి, మళ్ళీ గుండీ పెట్టుకుంది.