మేడమ్ నంబరుకి వెళ్ళిన మెసేజ్

మా ఆసుపత్రిలో నమ్మకానికి ఒక కమిటీ ఉంది. నవ్వొస్తుంది గానీ నిజం. చేతులు సరిగ్గా కడుక్కుంటున్నామో లేదో చూడడానికి ఒక కమిటీ, రోగులు మంచం మీద నుంచి పడిపోకుండా చూడడానికి ఒకటి, జనానికి మా మీద నమ్మకం పెంచడానికి ఇంకొకటి. ఆ మూడో దాంట్లో నన్ను వేశారు. తెలుగు నర్సు, చొరవగా మాట్లాడుతుంది, చర్చికి వెళ్తుంది, నలుగురిలో తిరుగుతుంది అని మా నర్సులందరి మీద అధికారి, నర్సింగ్ ముదీర్, నా పేరు చెప్పిందట. కాదనడానికి నాకేం పని? ఒప్పుకున్నాను.

అన్యాయంగా మాట్లాడకూడదు. కరోనా తర్వాత మా దగ్గర చాలా బాగుపడింది. ఎమర్జెన్సీలో మనిషి వచ్చి కూర్చుంటే డాక్టరు ఎంతసేపటికి చూశాడని అడిగేవాళ్ళు వచ్చారు. మందు ఎక్కించే ముందు ఇద్దరు నర్సులు చూసుకోవాలన్న నియమం గోడ మీద బొమ్మగా ఉండిపోకుండా నిజంగానే అమలైంది. రిపోర్టుల కోసం జనం పని మానుకుని మళ్ళీ మళ్ళీ తిరక్కుండా, మర్నాటికల్లా ఫోనుకి మెసేజ్ పంపే పద్ధతి పెట్టారు. ఆ రోజు మీటింగులో చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

దుబాయ్ జెబెల్ అలీలో చర్చిలన్నీ పక్కపక్కనే ఉంటాయి. మా తెలుగు కూడికకి ఒక హాలు ఇచ్చారు. మలయాళీల ఆరాధన ముగిశాక, ఫిలిప్పీన్స్ వాళ్ళది మొదలయ్యేలోపు అది మాది. చివరి ప్రార్థన కాగానే వెనక బల్ల దగ్గర నేనూ, ఇంకో నర్సూ బీపీ మిషను పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఎవరూ పెట్టమన్నది కాదు, అలా మొదలైపోయింది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు వరసకట్టేవాళ్ళు. ఎక్కువమంది కోనసీమ, నరసాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు. బొట్టు పెట్టుకునే వాళ్ళు కూడా వాక్యం అయిపోయే వేళ చూసుకుని వచ్చేవారు. పాస్టరు అయ్యగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఆయనకీ బీపీ ఉంది, ఆయన చెయ్యి కూడా మేమే చూడాలి.

వాళ్ళందరికీ ఇన్సూరెన్స్ కార్డులు ఉన్నాయి. కార్డు మాత్రం పనిచేసే ఇంటి మేడమ్ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. జ్వరం వస్తే మేడమ్ తీసుకెళ్ళాలి, లోపల డాక్టరు మేడమ్‌నే అడగాలి, మేడమే చెప్పాలి. మందులు కూడా మేడమ్ చేతికే. అందుకని చాలామంది జ్వరం వచ్చిందని చెప్పేవాళ్ళు కారు. ఒంట్లో బాగోలేదన్న మాట బయటికి వస్తే ఖలాస్, ఇంటికి టికెట్టు అని వాళ్ళ భయం. ఆ భయం ఉత్తిది కాదని నాకూ తెలుసు.

మా బల్ల సంగతి కమిటీకి చెప్పింది నేనే. చెప్పగానే వాళ్ళ కళ్ళు మెరిశాయి. బల్ల చాలదు, క్యాంపు పెడదాం అన్నారు. పరదాలు, కుర్చీలు, షుగరు పరీక్ష, ఆడవాళ్ళని చూడడానికి లేడీ డాక్టరు. ‘మీ నమ్మకమే మా బలం’ అని తెలుగులో బ్యానరు కొట్టించారు. ప్రింటింగు వాడు మకారం కింద ఒత్తు ఊడగొట్టి పక్కన పడేశాడు. చదివిన వాళ్ళంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎవరో ఒకరు ముందు మాకు చూపించి ఉండాల్సింది. చూపించరు.

క్యాంపుకి ముందటి వారం ఒకావిడ మా బల్ల దగ్గరికి వచ్చి, చెయ్యి చాపకుండా నిలబడింది. అమలాపురం అవతల ఊరు. నాకంటే పెద్దది. దుబాయ్‌లో ఒక తెలుగు ఇంట్లో వంట, పిల్లలు, అన్నీ ఆవిడే. ఇద్దరు కూతుళ్ళని ఈ జీతం మీదే చదివిస్తోంది. నన్ను బాత్రూముల వైపు తీసుకెళ్ళి గొంతు తగ్గించింది.

“సిస్టరమ్మా, ఇక్కడేదో గడ్డలాగ తగుల్తందండి. ఈమజ్జనే చూసుకున్నాను.”

తడిమి చూశాను. ఉంది. ఎడమ రొమ్ములో, గట్టిగా.

“వచ్చే వారం డాక్టరమ్మ వస్తుందక్కా. చూపించుకో. చాలా వరకు ఇవి ఏమీ కావు. ఏదైనా అయినా మొదట్లోనే పట్టుకుంటే నయమైపోతుంది.”

“మా మేడమ్‌కి తెలవదు కదండీ?”

“తెలీదు. నీకూ నాకూ డాక్టరమ్మకే.”

“మీరు చెప్తే వత్తానండి,” అంది. మాట ఇచ్చింది నేను, ఆసుపత్రి కాదు. ఆసుపత్రులు మాట ఇవ్వవు, బ్యానర్లు కట్టిస్తాయి.

క్యాంపు రోజు గుమ్మం దగ్గరే రిజిస్ట్రేషన్ బల్ల. కుర్రాడు ఒకడు అందరి గుర్తింపు కార్డు, బతాకా, తీసుకుని గీకుతున్నాడు, కంప్యూటర్లో పేరు వస్తోంది. ఆవిడకి ఇదివరకే మా దగ్గర ఫైలుంది, కరోనా పరీక్షకి మేడమ్ తీసుకొచ్చినప్పుడు తెరిచింది. “నంబర్ వహీ హై?” అని, ఫైల్లో ఉన్న పాత నంబరేనా అని అడిగాడు. ఆవిడ “హా, వహీ” అంది. అక్కడే జరిగింది తప్పు. అది తప్పని ఆ గదిలో ఎవరికీ తోచలేదు.

ఈ ఆడవాళ్ళ దగ్గర రెండు నంబర్లుంటాయి. ఒకటి విమానం దిగిన రోజే బట్టీపట్టించిన మేడమ్ నంబరు. దారి తప్పినా, పోలీసు అడిగినా, దుకాణంలో అడిగినా అదే చెప్పాలి. రెండోది పరుపు కింద దాచిన చిన్న ఫోనుది. పిల్లలతో మాట్లాడుకునేది దాంట్లోనే. అది ఉన్నట్టు ఇంట్లో తెలియకూడదు. కాబట్టి కంప్యూటరు ముందు కూర్చున్న ఎవరడిగినా వాళ్ళ నోట మేడమ్ నంబరే వస్తుంది. దాచుకోవాల్సిన ఫోనుని కాపాడుకోవడానికి దాచుకోవాల్సిన జబ్బుని ఆవిడ మేడమ్ చేతికిచ్చేసింది. నేను అప్పుడు పరదా అవతల ఇంకొకరికి షుగరు చూస్తున్నాను.

డాక్టరమ్మ మంచిది. నెమ్మదిగా చూసింది, భయపెట్టలేదు, స్కాన్ చెయ్యాలి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకి పంపాలి అని రాసింది. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ తల ఊపి, మిగతావాళ్ళతో కలిసి టీ తాగి వెళ్ళింది. మర్నాడు మా పద్ధతి ప్రకారం మెసేజ్ వెళ్ళింది. ‘రొమ్ము పరీక్షలో తేడా కనిపించింది, దయచేసి సర్జరీ క్లినిక్‌కి రండి’ అని, ఆవిడ పేరుతో సహా. ఆలస్యం లేకుండా వెళ్ళింది. అందులో మాకు ఎవరూ వంక పెట్టలేరు.

ఆ సాయంత్రం ఆవిడ చిన్న ఫోను నుంచి నాకు ఫోన్ చేసింది. వెనక కుళాయి నీళ్ళ చప్పుడు.

“సిస్టరమ్మా, మేడమ్ నన్ను వంటింట్లోకి రావద్దంటన్నారండి. పిల్లలకి అన్నం కూడా పెట్టొద్దన్నారు. అంటుకునేదాండి ఇది?”

అంటుకునేది కాదక్కా, నేను మాట్లాడతాను అన్నాను. ఆ మేడమ్ పెద్ద చదువు చదివింది, ఆఫీసులో పదిమంది మీద అధికారి. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడింది.

“నేను చెడ్డదాన్ని కాదండీ సిస్టర్. తనని మా ఇంటి మనిషిలాగే చూసుకున్నాం. కానీ రేపు ఏదైనా అయితే బాధ్యత మా మీద పడుతుంది. ఆపరేషన్లంటే ఎవరు తిరుగుతారు? నాకు ఆఫీసు, ఆయనకి టూర్లు. ఇంటికెళ్ళి వాళ్ళ వాళ్ళ మధ్య చూపించుకుంటుంది. అదే తనకీ మంచిది కదా.”

“స్కాన్ అయ్యేదాకా ఉంచండి మేడమ్. ఏమీ కాకపోవచ్చు.”

“అయితే? అప్పటిదాకా పిల్లల్ని ఎవరు చూస్తారు? నేను వేరే మనిషిని మాట్లాడేశానండీ.”

అంత తియ్యగా మాట్లాడే మనిషిని తిట్టడానికి కూడా వీల్లేదు. పళ్ళు నూరుకుంటూ ఫోన్ పెట్టేశాను. మన భాష, మన ఊళ్ళ మనిషి, పండక్కి నాలుగిళ్ళు తిరిగి పిండివంటలు పంచే రకం. ఇంటి మనిషట. ఇంటి మనిషికి గడ్డ వస్తే ఇంట్లోంచి గెంటుతారా?

తర్వాత క్వాలిటీ మేనేజరు గదికి వెళ్ళాను. జరిగింది చెప్పి, ఇకనుంచి ఇళ్ళలో పనిచేసే వాళ్ళకి మెసేజ్ పంపొద్దు, మేమే ముఖాముఖి చెబుతాం అన్నాను. ఆయన కంప్యూటర్ తెరిచి చూశాడు. నంబరు రోగిని అడిగి నిర్ధారించుకున్నట్టే ఉంది, మెసేజ్ గడువులోపే వెళ్ళింది, ఎక్కడా లోపం లేదు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. “లోపం లేదు సార్, మనిషి ఉద్యోగం పోయింది,” అన్నాను. “అది వాళ్ళ కఫీల్ వ్యవహారం, వీసా ఇచ్చిన యజమాని ఇష్టం కదా సిస్టర్,” అన్నాడు. ఆయనేం రాక్షసుడు కాడు. ఆయన ముందున్న పచ్చ గుర్తులు అన్నీ పచ్చగానే ఉన్నాయి.

ఎవరెవరి కాళ్ళో పట్టుకుని స్కాన్‌కి తొందరగా అపాయింట్‌మెంట్ సంపాదించాను. ఆ రోజుకి ఆవిడ రాజమండ్రిలో దిగేసింది. వెళ్ళేముందు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇలాంటి వార్త ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి తెలియడానికి ఏ మెసేజూ అక్కర్లేదు. చెత్త పారేసే చోట, స్కూలు బస్సు ఆగే చోట, పార్కులో ఉయ్యాలల దగ్గర అందరికీ పాకిపోయింది. తర్వాతి వారాల్లో ప్రార్థన అయిపోగానే బల్ల పక్క నుంచే గబగబా వెళ్ళిపోయేవారు. పలకరిస్తే “బానే ఉన్నానండి” అనేవారు. కాళ్ళు వాచి చెప్పులు పట్టని మనిషి కూడా అదే మాట. మా బీపీ మిషను చివరికి అయ్యగారికే మిగిలింది.

ఆ ఏడాది ఆఖర్లో మా ఆసుపత్రికి జనం నమ్మకం చూరగొన్నందుకు ఒక షీల్డు వచ్చింది. కేకు కోశారు. కమిటీ వాళ్ళందరినీ నిలబెట్టి ఫొటో తీశారు. నేనూ నిలబడ్డాను, నవ్వమంటే నవ్వాను కూడా. ఉద్యోగం నాకూ కావాలి. కేకు మాత్రం తినబుద్ధి కాలేదు.

మొన్న ఎండలు ముదిరే వేళకి ఆవిడ ఊరి నుంచి ఫోన్ చేసింది. గొంతు హుషారుగానే ఉంది. కూతుళ్ళ సంగతి చెప్పింది, నా పిల్లల్ని అడిగింది. నేను ఉండబట్టలేక అడిగేశాను.

“గడ్డ ఎలా ఉందక్కా? పరీక్ష చేయించావా?”

“ఉందండి. కొంచెం పెరిగినట్టే ఉంది. పరీక్ష చేయించలేదండి. ఇక్కడ చేయిత్తే ఊరంతా తెలిసిపోద్ది. ఏజెంటు చెవిన పడితే ఇంక వీసా ఇవ్వడు. మస్కట్ వీసా వచ్చిందండి నాకు. అందుకే చేశాను మీకు.”

“ఎందుకు?”

“వచ్చే వారం వీసా మెడికల్ అండి. గుండెలకి ఫొటో తీత్తారు కదా. అందులో ఇది కనిపిత్తాదాండి?”

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియక ఆవిడ మీదే అరిచాను. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాను, ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా వెళ్ళమన్నాను, అక్కడ ఉన్న మా స్నేహితురాలి నంబరిస్తానన్నాను, పిల్లల ముఖం చూడమన్నాను. ఆవిడ అంతా ఓపిగ్గా విన్నది.

“చేయించుకుంటానండి, ఎందుకు చేయించుకోను. వెళ్ళి కుదురుకున్నాక చేయించుకుంటాను. ముందిది చెప్పండి. కనిపిత్తాదా?”

అబద్ధం చెప్పి ఆపొచ్చు. కనిపిస్తుందన్న ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ మేడమ్‌కి తెలీదని ఒకసారి నమ్మించిన ఈ మనిషికి ఇంకో అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“కనిపించదక్కా. అది ఊపిరితిత్తుల కోసం తీసేది.”

“హమ్మయ్య. ఇంకెవర్ని అడిగినా భయమేసి మీకే చేశానండి,” అంది. “మీ మాటంటే నాకు నమ్మకం, సిస్టరమ్మా.”