తాడు లేకుండా వచ్చిన ల్యాప్‌టాప్

నేను మాచర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పిల్లలు తగ్గిపోయి ఆ స్కూలు మూతపడింది. మా ఆయన నాపరాళ్ల లారీ మీద తిరుగుతుంటాడు, ఇంట్లో ఎప్పుడూ ఉండేది అత్తయ్యా నేనూ. ఇంటి నుంచే ఆన్‌లైన్లో ట్యూషన్ చెప్పే పని ఒకటుందని తెలిసి దరఖాస్తు పెట్టాను. ఆదివారం పొద్దున ఒక క్లాసు చెప్పి చూపించండి, నచ్చితే తీసుకుంటాం అన్నారు. ఫోన్లో కుదరదు, ల్యాప్‌టాప్ ఉండాల్సిందేనన్నారు. కొత్తది మా వల్ల కాదు. నరసరావుపేటలో పాతవి బాగుచేసి అమ్మే కొట్టు ఉందని విన్నాక ప్రాణం కుదుటపడింది.

కానీ అత్తయ్య ససేమిరా అంది. ఒకళ్లు వద్దనుకుని వదిలించుకున్నది మనకెందుకని ఆవిడ వాదన. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మోకాళ్లు సహకరించినన్నాళ్లూ ఆవిడ ఈ ఇంట్లో గేదెలు మేపింది. ఒకసారి నిండు పొదుగు చూసి ముచ్చటపడి ఒక గేదెను కొన్నదట. అమ్మినవాళ్లు అంతకు ముందు పూట పాలు తీయకుండా ఆపి, పొదుగు అలా కనబడేలా చేశారు. ఇంటికొచ్చాక అది చెంబెడు పాలు కూడా ఇవ్వలేదు. దానికి ఊళ్లో వాళ్లూ ఇంట్లో వాళ్లూ ఆవిణ్ని ఆడిపోసుకున్నారు. ఆ మాటలు ఆవిడకింకా గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఒళ్లు మండిపోయింది. నా ఉద్యోగానికీ ఎప్పటిదో గేదెకూ ముడిపెడితే మండదా! మా ఆయనకు ఫోన్ చేస్తే మీరిద్దరూ తేల్చుకోండి అని తప్పుకున్నాడు.

చివరికి శనివారం తనూ వస్తానంది. చూశాకే కొనడమో మానడమో అంది. పొద్దున్నే ఇద్దరం నరసరావుపేట బస్సెక్కాం.

కొట్టతను మా ఆయన వయసువాడు, నెమ్మదస్తుడు. అతను ఒక ల్యాప్‌టాప్ తీసి చూపించగానే అత్తయ్య వరసగా అడగడం మొదలుపెట్టింది. ఎవరిది, ఎందుకమ్మారు, నీ దగ్గరికొచ్చి ఎన్నాళ్లయింది? ఏదో ఆఫీసులో అన్నీ ఒకేసారి మార్చేశారనీ, దీని మూత వదులైతే తానే బిగించాననీ, కీబోర్డు కూడా మార్చాననీ అతను దాచకుండా చెప్పాడు. లోపం తనంతట తాను చెప్పడం ఆవిడకు నచ్చింది. అయినా వదల్లేదు.

"ఆ తీగ పీకేసి నడిపిచ్చు నాయనా. మేం ఈడే కూకుంటాం."

అతను ఛార్జర్ తీసేసి ఏదో వీడియో పెట్టాడు. మేం బల్ల మీద కూర్చున్నాం. గిరాకీ వస్తోంది, పోతోంది. అత్తయ్య సంచిలోంచి పులిహోర డబ్బా తీసి నాకింత పెట్టి, తనూ తింటూ తెర వంక చూస్తూనే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం దాటినా ల్యాప్‌టాప్ ఆగలేదు. అప్పుడు ఆవిడ చెయ్యి తుడుచుకుని, తీసుకో అమ్మాయ్ అంది. సంతోషం పట్టలేక నేను డబ్బు తేవడానికి ఏటీఎంకు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి అతను సంచిలో సర్ది ఇచ్చేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి సంచి విప్పితే ల్యాప్‌టాప్ ఉంది, ఛార్జర్ లేదు. కొట్టతను మోసం చేశాడనుకుని ఫోన్లో గట్టిగానే అరిచాను. అంతా విని అతను మెల్లగా చెప్పాడు.

"అమ్మగారే వద్దని నా చేతిలో పెట్టారండీ. ఇంటి దగ్గర వేరేది ఉందేమో అనుకున్నా."

రేపు బస్సులో పంపిస్తానన్నాడు. మొదటి బస్సుకు వేసినా నా క్లాసు అయిపోయాకే చేరుతుంది. ఊళ్లో కొట్లన్నీ తిరిగాను. దీని పిన్నుకు సరిపోయేది ఎక్కడా దొరకలేదు. ల్యాప్‌టాప్‌లో మిగిలిన ఛార్జింగ్ కొంచెమే. ఏం చేశావత్తయ్యా అని నిలదీశాను. నా గొంతు నాకే కర్కశంగా వినబడింది.

"గొడ్డును అమ్మినప్పుడు తాడియ్యకూడదు అమ్మాయ్, కొన్నోళ్లు అడగనూ కూడదు. తాడు పోతే అమ్మినోళ్లింట్లో మళ్లీ గొడ్డు నిలవదు. మన ఆఖరి గేదెను మీ మామయ్య తాడుతో సహా తోలిచ్చాడు. ఇంక మన కొట్టంలో ఏం నిలిచింది? ఆ పిల్లోడు చానా మంచిగా చూపిచ్చాడు. ఆడి కొట్టు ఖాళీ అవటం దేనికి? తీగ పీకినా నడిచిందిగా, నేను చూశాగా."

తీగ లేకపోయినా నడుస్తుందని పొద్దుటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది నేనూ కొట్టతనూనే. ఛార్జర్ దానికి మేత లాంటిదని ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. నేను విడమరిచి చెబితే ఆవిడ ముఖం పాలిపోయింది. పాత గేదె మాటలన్నీ మళ్లీ వినాల్సి వస్తుందని భయపడినట్టుంది. నా కోపం అక్కడితో చల్లారింది. ఆవిణ్ని చూస్తే నాకు చెప్పలేనంత జాలేసింది.

పొద్దున తెర వెలుతురు బాగా తగ్గించి క్లాసు మొదలుపెట్టాను. భిన్నాల కూడిక. అత్తయ్య కెమెరాకు కనబడకుండా నా కాళ్ల దగ్గర కింద కూర్చుంది. అడుగున ఆ చిన్న గుర్తు ఎర్రబడితే ఛార్జింగ్ అయిపోవస్తున్నట్టని చెప్పి ఉంచాను. సగం క్లాసులో అది ఎర్రబడింది. ఆవిడ నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. నేను ఆపకుండా చెప్పుకుంటూ పోయాను. ఆఖరి లెక్క కూడా పూర్తయ్యాక అవతలి మేడం, బాగుంది, వచ్చే వారం నుంచి చేరండి అంది. నేను థాంక్స్ చెప్పి మూత వేశాను. తర్వాత మళ్లీ తెరిస్తే అది వెలగలేదు.

"గొడ్డు మంచిదే," అంది అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ. లేచి వెళ్లి కుంకుమ తెచ్చి మూత మీద బొట్టు పెట్టింది.

కొట్టతను పంపుతానన్న ఛార్జర్‌ను ఆవిడ మాట మీద వద్దన్నాను. కొత్తది తెప్పించుకునేదాకా పక్క వీధిలో ఒకళ్లది సరిపోతుందని తర్వాత తెలిసి, అడిగి తెచ్చుకుని నెట్టుకొచ్చాను. కొత్తది వచ్చిన రోజు క్లాసు అవగానే అత్తయ్య దాన్ని చుట్ట చుట్టి వసారాలోకి తీసుకెళ్లింది. అక్కడ గోడకు ఒక కొయ్య ఉంది. ఒకప్పుడు గేదె పలుపుతాడు తగిలించేది దానికే. గేదె పోయాక ఆ కొయ్యకు ఎవర్నీ ఏమీ తగిలించనిచ్చేది కాదు. నేను కొత్తగా వచ్చినప్పుడు నా సంచి తగిలిస్తే వెంటనే తీసి లోపల పెట్టింది.

ఛార్జర్‌ను ఆ కొయ్యకు తగిలించి, జారకుండా ఉందో లేదో ఒకసారి లాగి చూసుకుంది.